మా ఇంటి కొఠియా

సరిహద్దు తగాదాలు ఢిల్లీలో తేలవని పర్లాకిమిడిలో ఇల్లున్న ఏ తెలుగువాణ్ణి అడిగినా చెబుతాడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడి రాష్ట్రమైనప్పుడు గీత మా ఊరికీ పాతపట్నానికీ మధ్యనించి పోయింది. మా రేషన్ కార్డు ఇటు ఒడిశాలో, వియ్యాలవారు అటు ఆంధ్రాలో. అయినా ఆ గీత ఇన్నేళ్ళలో మా వంటింటి గడప తొక్కలేదు. మొన్న దసరాకి మా మేనల్లుడు పాతపట్నం నుంచి కూరగాయల సంచీలో రెండు నెలల పిల్లికూనని తెచ్చాడు. అప్పుడు తొక్కింది.

ఇంట్లో అప్పటికే మహారాణి ఉంది. వయసు పదకొండు. పుట్టింది మా అటక మీద, కాబట్టి స్థానికత విషయంలో ఏ తహసీల్దారూ కొర్రీ వెయ్యలేడు. సంచీలోంచి కూన తల బయట పెట్టగానే మహారాణి తోక చీపురుకట్టంత అయింది. "వొదిలీ మావయ్యా, ఒకే గదిలో ఉంచితే రెండ్రోజుల్లో అవే సర్దుకుంటాయి" అన్నాడు మేనల్లుడు. వాడికి రాజకీయాల్లో మంచి భవిష్యత్తుంది.

పశువుల డాక్టరు మాత్రం ససేమిరా అన్నాడు. టీకాలు, పురుగుల మందు సంగతి చూడండి, ముందు ఒకటి రెండు వారాలు కూనని వేరే గదిలో పెట్టి తలుపు మూయండి, పిల్లికి ఇల్లంటే గోడలు కాదు వాసన, మొహాలకన్నా ముందు వాసనలకి పరిచయం చెయ్యండి అన్నాడు. పిల్లి బుగ్గల్లో గ్రంథులుంటాయట. అది కుర్చీకోడుకి మొహం రాసిందంటే పట్టా రాసుకున్నట్టే. సరే, మా ఆవిడ పొందూరు ఖద్దరు ముక్కతో ఆంధ్రా కూన బుగ్గలు రుద్ది, ఒడియా గమ్ఛాతో మహారాణి బుగ్గలు రుద్ది, ఆ గుడ్డ ఇక్కడికీ ఈ గుడ్డ అక్కడికీ మార్చింది. మహారాణి ఖద్దరు వాసన చూసి దాని మీద వాంతి చేసుకుంది. దౌత్య సంబంధాలు మొదలయ్యాయి.

తర్వాత భోజనాలు. మూసిన తలుపుకి అటొక పళ్ళెం, ఇటొక పళ్ళెం. ఉప్పు వెయ్యకుండా ఉడికించిన నెత్తళ్ళు. తినేటప్పుడు అవతలివాళ్ళ వాసన తగిలితే కడుపు నిండే జ్ఞాపకంతో పాటు ఆ వాసనా ముడిపడుతుందని సిద్ధాంతం. రోజుకో జానెడు చొప్పున పళ్ళేలు తలుపు దగ్గరికి జరిపాం. పంపకం మాత్రం రెండు రాష్ట్రాల 1962 వంశధార నీళ్ళ ఒప్పందం ప్రకారమే, చెరిసగం. తోకలు ఎవరి వాటా అన్నదానికి ఇంకా ట్రిబ్యునల్ వెయ్యలేదు.

ఇసుక తట్టల దగ్గర ఖజానా కదిలింది. రెండు పిల్లులుంటే మూడు తట్టలట, తలా ఒకటి, పైన ఒకటి. ఇసుక కోసం మహేంద్రతనయ ఏటి ఒడ్డుకి వెళితే, ఇది ఏ రాష్ట్రం ఇసుక అని అక్కడి కుర్రాడొకడు నన్నే అడిగాడు. దాని గతి తెలిస్తే రెండు రాష్ట్రాలూ వదులుకుంటాయని చెప్పి వచ్చాను.

1931లో సవర భాషకి వ్యాకరణం అచ్చువేయించిన గిడుగు రామ్మూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆ చొరవతో నేనూ పిల్లి భాషకి నిఘంటువు మొదలుపెట్టాను. రెండు పదాల దగ్గర ఆగింది. 'స్స్స్' అంటే, అక్కడే ఉండు. దీనికి కేకలేస్తే కూన వచ్చాకే తిట్లు మొదలయ్యాయని మహారాణి నమ్ముతుంది, కాబట్టి నోరు మూసుకోవాలి. ఇక కళ్ళు నెమ్మదిగా మూసి తెరవడం అంటే, ఇవాళ్టికి ఊరుకున్నాను.

పన్నెండో రోజు తలుపు నాలుగు వేళ్ళ సందు తెరిచాం. కూన తన పళ్ళెం ఖాళీ చేసి, సందులోంచి దూరి, మహారాణి పళ్ళెం కూడా నాకేసింది. అప్పుడర్థమైంది, ఇది కొఠియా, ఆంధ్రా ఒడిశా రెండూ మాదంటే మాదనే సరిహద్దు ఊళ్ళ గుంపు. ఆ 21 ఊళ్ళ కేసు 1968లో సుప్రీంకోర్టుకెక్కింది, యథాతథ స్థితి అన్నారు, ఇప్పటికీ అదే స్థితి. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే, మా ఒడిశా కోర్టుధిక్కారం అంటూ మళ్ళీ మెట్లెక్కింది. ఈలోగా ఊళ్ళవాళ్ళ చేతిలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. ఎవరు పెట్టినా కాదనరు. నేనైనా కాదనను. కూన తప్పేముంది? మహారాణి బీరువా మీదికెక్కి ఆ పూటంతా అక్కడినుంచే మమ్మల్ని ధిక్కరించింది.

ఇరవయ్యో రోజు పొద్దున్నే చూస్తే కూన గదిలో, కూన బుట్టలో మహారాణి గుర్రుపెడుతోంది. ఇద్దరికీ అక్కర్లేదనుకున్న మూడో తట్ట కూడా వాడేసింది. కూన బీరువా మీద ఉంది. ఎక్కడం వచ్చింది, దిగడం రాక ఏడుస్తోంది. నేను స్టూలు మీద నిలబడి రెండు చేతులూ చాపి ఉండగా ఫోన్ మోగింది. మా ఆవిడ స్పీకర్లో పెట్టింది.

"ఎలాగున్నాయి మావయ్యా?"

ఒకదాని బుట్టలో ఒకటి పడుకుంటున్నాయని చెప్పాను.

"సెప్పానా, అవే సర్దుకుంటాయని! ఇంకోటుంది, అట్టుకొచ్చీమన్నావేటి?"