మహారాజశ్రీ బజర్ గారి సముఖానికి

అయ్యా,

ఆర్డ్యునో అనే ప్రోగ్రాము రాసి నడిపే చిన్న బోర్డు చేతికొచ్చిన వారెవరైనా ఎల్‌ఈడీ దీపాన్ని నాలుగుసార్లు మిణుకుమనిపించి, మరుక్షణమే కీచుమని మోగే బుల్లి పరికరమైన తమరి కచేరీ పెట్టిస్తారు. ఇంటిల్లిపాదీ శ్రోతలు కావలసిందే, ఇష్టాయిష్టాలతో పని లేదు. స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. విద్యుత్తు ఇస్తే స్ఫటికం ఆకారం మార్చుకుంటుందని మరుసటి ఏడాదే రుజువైంది. విద్యుత్తుతో అలా కదిలి శబ్దం చేసే అంతటి ఘనమైన వంశంలో పుట్టి తమరు సాధించినది "కీ" అనడం.

అందులోనూ తమరు చూడటానికి ఒకేలా ఉండే ఇద్దరు. యాక్టివ్ వారి కడుపులోనే కంపనాలు పుట్టించే ఆసిలేటర్ ఉంటుంది కనుక, 5 వోల్టులు తగిలితే చాలు, తమకు వచ్చిన ఒకే ఒక్క స్వరాన్ని అందుకుంటారు. పాసివ్ వారికి అదే 5 వోల్టులు ఇచ్చి ఊరుకుంటే ఒక్క "టిక్"తో సరిపెట్టి, ఎవరో బోర్డు మీద వైరు తగిలించిన పిన్నును సెకనుకు ఇన్నిసార్లని 5 వోల్టులకు ఎక్కించి సున్నాకు దించితే తప్ప నోరు విప్పరు. కొత్తవారు తెలియక మొదటివారి చేత పాట పాడించబోయి, స్వరాలు కలగాపులగమై వినిపిస్తుంటే ఏ తప్పూ లేని ప్రోగ్రామును మళ్లీ మళ్లీ దిద్దుకుంటారు. కొందరి నెత్తిన, బోర్డు కడిగేటప్పుడు లోపలికి నీరు పోకుండా అతికించిన కాగితం ఉంటుంది. కడిగాక దాన్ని పీకేయాలట. ఉంచేయడమే మేలని ఇంటివారి అభిప్రాయం.

ఇక తమరి గాత్రం. 440 హెర్ట్జ్ స్వరం, అంటే సెకనుకు 440 కంపనాలు, కావాలంటే పిన్ను సుమారు 1136 మైక్రోసెకన్లు పైన, అంతే సేపు కింద ఉండాలి. పైనా కిందా తప్ప నడుమ మెట్టు లేదు కనుక, గొంతు తగ్గించి పాడమని అడగడమూ అంత సులువు కాదు. ఆర్డ్యునో యూనో R3 బోర్డులో స్వరం పలికించే టోన్ ఫంక్షన్, టైమర్ 2 అనే లోపలి గడియారాన్ని తమరికే రాసిచ్చేస్తుంది; తమరు పాడుతున్నంత సేపూ 3, 11 పిన్నుల మీద దీపం వెలుగును హెచ్చించి తగ్గించే పీడబ్ల్యూఎం సరిగా పనిచేయదు, వేరే పిన్ను మీద మరో స్వరం పలకదు. పక్కవాద్యాన్ని సహించని విద్వాంసులను చూశాం గాని, పక్కనున్న దీపం వెలుగును కూడా సహించనివారు తమరే. పైగా ఆ ఫంక్షన్ పని అప్పగించి తక్షణమే వెనుదిరుగుతుంది కనుక, స్వరానికీ స్వరానికీ మధ్య డిలే అనే ఆగే ఆజ్ఞ పెట్టకపోతే పాటంతా మింగేసి చివరి స్వరాన్ని మాత్రమే వినిపిస్తారు.

తమరిని తొలగించి 8 ఓముల స్పీకరును నేరుగా నియమిద్దామంటే, అది 5 వోల్టుల దగ్గర సుమారు 600 మిల్లీఆంపియర్లు అడుగుతుంది. యూనో R3 పిన్ను గరిష్ఠ పరిమితి 40 మిల్లీఆంపియర్లే. అంత కరెంటును మోసే ట్రాన్సిస్టర్ వచ్చేదాకా కొలువు తమరిదే.

ఒక్క విన్నపం. స్వరాన్ని ఆపే నోటోన్ అనే ఆజ్ఞ పిన్నును సున్నాకు దించుతుంది. తమరిలో కొందరు చిన్న బోర్డు మీద కూర్చుని, సున్నా అందినప్పుడే మోగే రకం. పాట ముగించమనగానే ఆగకుండా అరుస్తున్న ఆ బంధువులకు దయచేసి తమరే నచ్చజెప్పండి. మేము వైరు పీకి వచ్చాం.

ఇట్లు,
తమరి నిర్బంధ శ్రోత