గుంటూరా, బందరా?

(గుంటూరులో ఒక ఫ్లాట్. సుబ్బారావు బ్యాంకులో రిటైరయ్యాడు. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. రాజ్యలక్ష్మి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైంది. పుట్టిల్లు బందరు. ఈ సంగతి ఆయన అప్పుడప్పుడూ మర్చిపోతుంటాడు.)

సుబ్బారావు: రాజ్యం, ఇటు రా. రేపు వాకర్స్ క్లబ్బులో నా ప్రసంగం. విను. "1868 ఆగస్టు 18, సంపూర్ణ సూర్యగ్రహణం. జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన గుంటూరు గడ్డ మీద నిలబడి హీలియం కనిపెట్టాడు!" ఇక్కడ చప్పట్లు.

రాజ్యలక్ష్మి: చప్పట్లు కూడా మీరే రాసుకున్నారా?

సుబ్బారావు: బ్రాకెట్లో.

రాజ్యలక్ష్మి: కొట్టేయండి. చప్పట్లు ఉంచుకోండి, వాక్యం కొట్టేయండి.

సుబ్బారావు: జాన్సెన్ గుంటూరు రాలేదా?

రాజ్యలక్ష్మి: వచ్చాడు. సూర్యుడి అంచున లేచిన ఎర్రటి మంటల్ని స్పెక్ట్రోస్కోపులో, అంటే కాంతిని రంగులుగా విడదీసే పరికరంలో చూశాడు. రంగు గీతలు మెరిశాయి. అదంతా వేడి వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్ అని తేల్చాడు. గీతలు అంత కాంతిగా ఉంటే గ్రహణం దేనికి అనుకుని, మర్నాడు మామూలు ఎండలోనే మళ్ళీ చూపించాడు. అదీ ఆయన గొప్ప. కొత్త మూలకం దొరికిందని మాత్రం ఆయన అనలేదు.

సుబ్బారావు: మరి ఆ గీతల్లో హీలియందని చెప్పే పసుపు గీతో?

రాజ్యలక్ష్మి: ఆ రోజు చూసినవాళ్ళు దాదాపు అందరూ సోడియం అనుకున్నారు. మీరు లేచి వంటింట్లోకి రండి. గ్యాసు మంట మీద చిటికెడు ఉప్పు చల్లండి.

సుబ్బారావు: చిటికెడేనా? పప్పులో నువ్వు వేసేదాంట్లో పదో వంతు... అబ్బో, మంట పసుపైపోయింది!

రాజ్యలక్ష్మి: అది సోడియం. గీతలుగా విడదీసి చూస్తే పక్కపక్కనే రెండు, 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర. గుంటూరు ఉప్పైనా, బందరు ఉప్పైనా, నక్షత్రంలో సోడియమైనా అక్కడే. అందుకే కోట్ల మైళ్ళ దూరంలో ఏముందో చెప్పగలుగుతున్నాం. సూర్యుడి దగ్గర కనపడ్డ పసుపు గీత ఉన్నది 587.6 దగ్గర.

సుబ్బారావు: అంటే నానోమీటరున్నర తేడా! దానికింత గొడవా?

రాజ్యలక్ష్మి: చిల్లర పది పైసలు తగ్గితే రాత్రి పదిదాకా బ్యాంకులో కూర్చున్న మనిషేనా ఈ మాటంటున్నది? ఆ తేడాను అనుమానించినవాడు పాగ్సన్. మద్రాసు అబ్జర్వేటరీ ఆయన. ఎక్కడి నుంచి చూశాడో చెప్పనా?

సుబ్బారావు: వద్దు.

రాజ్యలక్ష్మి: మా బందరు నుంచి.

సుబ్బారావు: నాకు తెలుసు, ఎక్కడో అక్కడికే వస్తావని. ఏమన్నాడు? కొత్త మూలకం అన్నాడా?

రాజ్యలక్ష్మి: సోడియం గీత మీదో, దాని దగ్గరో ఉందన్నాడు.

సుబ్బారావు: "మీదో, దగ్గరో"! మీ బందరోళ్ళు అంతే, ఏదీ తేల్చి చెప్పరు.

రాజ్యలక్ష్మి: తేల్చింది లండన్లో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త. సోడియం కాదని కొలిచి, ఫ్రాంక్లండ్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి ప్రయోగశాలలో ఏ వాయువుతోనూ ఆ గీత రాదని చూసుకుని, కొత్త మూలకం అన్నాడు. అదే హీలియం. భూమ్మీద అది చేతికి చిక్కింది 1895లో. రామ్సే యురేనియం ఖనిజం నుంచి తీశాడు.

సుబ్బారావు: సరే, గీతలు లావుగా ఉంటే ఆ పదార్థం ఎక్కువున్నట్టేగా? ఆ ముక్క ప్రసంగంలో పెడతాను.

రాజ్యలక్ష్మి: పెట్టకండి! మామూలు సూర్యకాంతిలో ఉండేవి నల్ల గీతలు, వాయువులు తమ రంగును మింగేసిన చోట్లు. వాటిలో అన్నిటికన్నా లావు గీతలు కాల్షియానివి.

సుబ్బారావు: అయితే సూర్యుడి నిండా సున్నమేనా!

రాజ్యలక్ష్మి: మీలాగే చాలా రోజులు పెద్దవాళ్ళే పొరబడ్డారు. సూర్యుడి ఉపరితలం దాదాపు 5800 కెల్విన్. ఆ వేడికి కాల్షియం ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని తన రంగు కాంతిని తెగ మింగుతుంది. హైడ్రోజన్ రాశులుగా ఉన్నా, అందులో కంటికి కనపడే గీతలిచ్చే స్థితిలో ఉన్న పరమాణువులు బహు కొద్ది. ఈ అపార్టుమెంటులో ఇంతమంది ఉన్నారా, వాచ్‌మన్ దాకా వినపడేది మీ గొంతొక్కటే. కాల్షియం మీరే.

సుబ్బారావు: మరి నువ్వు?

రాజ్యలక్ష్మి: హీలియం. ఆ వేడికి పలకను. మామూలు సూర్యకాంతిలో దాని గీత కనపడకపోవడానికి కారణం అదే. పైన ఉండే వేడి పొరల్లోనే మెరుస్తుంది.

సుబ్బారావు: నువ్వు పలకవూ!

రాజ్యలక్ష్మి: వినండి. ఏ వేడికి ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటాయో లెక్కగట్టే సమీకరణం 1920లో మన మేఘనాథ్ సాహా ఇచ్చాడు. దాంతోనే సిసీలియా పేన్ 1925లో నక్షత్రాల్లో ఉన్నది ముఖ్యంగా హైడ్రోజన్, తర్వాత హీలియం అని తేల్చింది. రస్సెల్ అనే పేరున్న ఖగోళ శాస్త్రవేత్త అసాధ్యమన్నాడు. పాపం, ఆ ఫలితం నిజం కాకపోవచ్చని ఆ పిల్ల తన థీసిస్‌లోనే రాసుకోవాల్సి వచ్చింది. 1929లో ఆయనే ఒప్పుకున్నాడు.

సుబ్బారావు: ఒప్పుకోవడానికి నాలుగేళ్ళా!

రాజ్యలక్ష్మి: మీకన్నా నయం. పెళ్ళిలో మావాళ్ళు పెట్టిన లడ్డు బాగుందని మీరింకా ఒప్పుకోలేదు.

సుబ్బారావు: గట్టిగా ఉందే, దేవుడా! ఏమైనా అను, ఒక్క విషయంలో గుంటూరే ముందు. గ్రహణం నీడ పడమటి నుంచి తూర్పుకి పోయింది. ముందు మామీద పడ్డాకే మీ బందరు చేరింది. ఎలా ఉంది?

రాజ్యలక్ష్మి: బాగుంది. ఆ లెక్కన మీకంటే ముందు జంఖండి మీద పడింది. అక్కడా హెర్షెల్ దొర స్పెక్ట్రోస్కోపు బిగించుకుని కూర్చున్నాడు.

సుబ్బారావు: జంఖండా? అదెక్కడ?

రాజ్యలక్ష్మి: కర్ణాటకలో.

సుబ్బారావు: (కాగితం మీద ఏదో కొట్టేసి, మళ్ళీ రాసి) అక్కడి నుంచి మా క్లబ్బులో ఎవరూ లేరులే.