చివరి గడప దాకా సిగ్నల్

1994 అక్టోబరు 7న భూటాన్ ఉత్తర కొసన, లునానా ప్రాంతంలోని లుగ్గే హిమానీనద సరస్సు గట్టు తెగింది. ఆ నీరు ఫో ఛూ నది వెంట దిగి పునాఖా లోయను ముంచెత్తింది. 21 మంది చనిపోయారు. శతాబ్దాల నాటి పునాఖా కోట దెబ్బతింది. గట్టు తెగడానికీ, వరద లోయకు చేరడానికీ మధ్య గంటల వ్యవధి ఉన్నా కిందివారికి కబురు అందించే సాధనం పైవారి దగ్గర లేదు. మొబైల్ కనెక్షన్ల లెక్కను కంపెనీల లాభాల పట్టికలో కాక ఇలాంటి లోయల్లో నిలబడి చదవాలని మా అభిప్రాయం.

భూటాన్ జనాభా ఎనిమిది లక్షల లోపే. ఒక్క విజయవాడ నగరంలోనే అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. టెలివిజన్‌నూ ఇంటర్నెట్‌నూ 1999 దాకా దేశంలోకి రానివ్వని రాజ్యం అది. మొబైల్ సేవ 2003 నవంబరులో మొదలైంది. ప్రభుత్వ సంస్థ భూటాన్ టెలికాం బి-మొబైల్ పేరుతో దాన్ని తెచ్చింది. 2008లో, దేశం తొలి పార్లమెంటు ఎన్నికలు జరుపుకున్న ఏడాదే, తాషీసెల్ రెండో ఆపరేటరుగా వచ్చింది. మొదలైన పదేళ్లకే కనెక్షన్లు జనాభాలో సగాన్ని దాటాయి. ఆ తర్వాత జనాభాకు దగ్గరదాకా వచ్చాయి.

ఇంత వేగం ఎలా సాధ్యమైంది? కొండకొకటి చొప్పున విసిరేసినట్టుండే ఇళ్లకు టవరు వేస్తే ఏ కంపెనీకీ గిట్టుబాటు కాదు. పది కుటుంబాల రీచార్జితో టవరు నడిపే ఖర్చు కూడా రాదు. అందుకే అక్కడి ప్రభుత్వం గ్రామీణ కమ్యూనికేషన్లను తన బాధ్యతగా తీసుకుంది. జలవిద్యుత్తు పుష్కలంగా ఉన్న దేశం కాబట్టి కరెంటు ముందే ఊళ్లకు చేరింది. పిడుగుల నుంచి రక్షణకోసం విద్యుత్ లైన్ల పైన లాగే తీగలోనే ఆప్టికల్ ఫైబర్‌ను ఇమిడ్చి 20 జిల్లాలకూ తీసుకెళ్లారు. కొండలు తవ్వాల్సిన పని తప్పింది, వానాకాలం కొండచరియలు విరిగిపడి కేబుల్ తెగే బెడదా తగ్గింది. పేద దేశం ఉన్న వనరును రెండు పనులకు వాడుకున్న తీరు ఇది. మమ్మల్ని అన్నిటికంటే ఆకట్టుకున్నదీ ఇదే.

అయితే కనెక్షన్ వేరు, మనిషి వేరు. రెండు కంపెనీల సిగ్నల్ కోసం రెండు సిమ్‌లు పెట్టుకున్న వ్యాపారి లెక్కలో ఇద్దరవుతాడు. సిమ్ లేని ముసలమ్మ ఆ లెక్కలోకే రాదు. జనాభాతో సమానంగా కనెక్షన్లున్నాయని సంబరపడే ముందు ఏ దేశమైనా ఈ తేడా గుర్తుంచుకోవాలి.

భూటాన్ ప్రజలు ఫోనును తమకు అనువుగా మలచుకున్న తీరును మరింత శ్రద్ధగా చూడాలి. జాతీయ భాష జొంగ్‌ఖాను టిబెటన్ లిపిలో రాస్తారు. చిన్న తెరమీద ఆ అక్షరాలను ఒకదాని కింద ఒకటి పేర్చుతూ టైపు చేయడం చదువుకున్నవారికే ప్రయాస. దేశంలో దాదాపు ఇరవై భాషలున్నాయి. తూర్పు జిల్లాల్లో వినిపించే త్సాంగ్లా సహా చాలావాటికి రాసుకునే అలవాటే లేదు. అందుకే జనం రాయడం మానేసి మాట్లాడారు. వీచాట్ అనే చైనా మెసేజింగ్ యాప్‌లో గొంతు సందేశాలు పంపుకోవడం అక్కడ ఇంటింటి అలవాటైంది. ఓనమాలు రాని తల్లి ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉన్న కొడుకు మాటను మళ్లీ మళ్లీ వినగలుగుతోంది.

ఇక ధర. భూటాన్ నాలుగు వైపులా భూమి ఉన్న దేశం. బయటి ప్రపంచంతో దాని ఇంటర్నెట్ బంధం ప్రధానంగా మన పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురి మీదుగానే సాగుతుంది. ఆ ఒక్క దారిమీద ఆధారపడటం, కొద్దిమంది ఖాతాదారులే ఉండటం వల్ల డేటా ఖరీదెక్కువని అక్కడి యువత ఏళ్లుగా మొరపెట్టుకుంటోంది. 2025 ఫిబ్రవరిలో స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ సేవ వచ్చింది కానీ నెల చందా 3,000 గుల్ట్రమ్‌ల నుంచి మొదలైంది. అక్కడి కరెన్సీ గుల్ట్రమ్ విలువ మన రూపాయితో సమానం. జడల బర్రెల కాపరి ఆ డబ్బు ఎక్కడ తెస్తాడు? పొరుగు దేశంగా, ఆ దారికి కాపలాగా ఉన్న భారత్ బ్యాండ్‌విడ్త్ ధర విషయంలో ఉదారంగా ఉండాలని మేము కోరుతున్నాం. జలవిద్యుత్తులో దశాబ్దాలుగా కుదిరిన సహకారం ఇందులోనూ కుదురుతుంది.

ఆ దేశం కథ చదువుతుంటే మా మనసు పాడేరు, చింతూరు కొండలమీదికి పోతోంది. భారత్ వంద కోట్లకు మించిన మొబైల్ కనెక్షన్ల దేశం. అయినా 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ చేర్చేందుకు 26,316 కోట్ల రూపాయలు మంజూరు చేయాల్సి వచ్చింది. కొన్నిచోట్ల టవర్లు లేచాయి. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే గూడేలు మాత్రం మన్యంలో ఇంకా ఉన్నాయి. బియ్యం కోసం వేలిముద్ర వేయాలంటే యంత్రానికి సిగ్నల్ దొరకాలి. ఉపాధి హామీ కూలీల హాజరును 2023 జనవరి నుంచి ఫోను యాప్‌లోనే వేయాలని కేంద్రం తప్పనిసరి చేసింది. సిగ్నల్ ఇవ్వకుండా సిగ్నల్‌తో ముడిపడిన నిబంధన పెట్టడం అన్యాయం. కువి, కోయ వంటి గిరిజన భాషలు మాట్లాడే ఇంటికి ఫోను చేరినా అది తెలుగులోనో ఇంగ్లిషులోనో తప్ప పలకదు.

రెండు తెలుగు రాష్ట్రాలూ జిల్లా సగటులు పక్కన పెట్టాలి. ప్రతి గిరిజన ఆవాసం పేరుతో సిగ్నల్ ఉన్నదీ లేనిదీ ప్రకటించాలి. టవరు లేచి పనిచేసేదాకా ఆయా గూడేల్లో కాగితం మీద సంతకంతోనే రేషన్ ఇవ్వాలి, మస్టరు పుస్తకంలో పేరు చూసే కూలి చెల్లించాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. కలెక్టర్లకు ఒక ఉత్తర్వు చాలు. దాన్ని వచ్చే వానాకాలం లోపే ఇవ్వాలని కోరుతున్నాం.