నా బైబిలు పఠన పట్టికకు వందనములతో వ్రాయునది

ఎర్ర రిబ్బను పక్కన నాలుగు మడతలుగా ఒదిగి, నా బైబిలులోనే కాపురముంటున్న ఏడాది పఠన పట్టికకు, తెనాలి నుండి వందనములు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయిపోయాక కేకు ముక్కతో పాటు నిన్ను కూడా నా చేతిలో పెట్టారు. దానితో పాటు వాగ్దాన కార్డు కూడా ఇచ్చారు గానీ, అది దేవుడు నాకు ఏమి చేస్తాడో చెప్పే కాగితం కనుక దానితో నాకు పేచీ లేదు. నేను ఏమి చేయాలో గళ్లు గీసి చూపేది నువ్వు కనుక, పేచీ అంతా నీతోనే.

నీ లెక్కను మాత్రం తప్పు పట్టలేను. పాత నిబంధనలో 929 అధ్యాయాలు, కొత్త నిబంధనలో 260, మొత్తం 1,189. మామూలు రోజున మూడు, ఆదివారం అయిదు చదువుకుంటూ పోతే ఏడాది ముగియకముందే ప్రకటన గ్రంథం చివర "ఆమేన్" అనవచ్చు. మా వీధి చీటీల లెక్క కూడా ఇంత నికరంగా ఎన్నడూ తేలలేదు. అయితే రెండే వచనాలున్న 117వ కీర్తనకూ, 176 వచనాలున్న 119వ కీర్తనకూ నువ్వు ఒకే కొలత గడి ఇచ్చావు. అర్థమైనా, కాకపోయినా, చదువుతూ కునుకు తీసినా టిక్కు ఒక్కటే. ఇంత ఉదారమైన పంతులమ్మ నాకు బడిలో దొరికి ఉంటే నా చదువు ఇంకో దారిన పోయేది.

టిక్కు పెట్టడంలో ఒక సుఖం ఉంది, అది దాచను. ఉదయం అయిదింటికి లేచి, ఫిల్టరులో డికాషను దిగేలోపు మూడు అధ్యాయాలు ముగించి, నీలం పెన్నుతో మూడు టిక్కులు పెట్టి నిన్ను మడిచేసరికి, ఆ రోజుకు సరిపడా నీతి జమ అయిపోయినట్టే ఉండేది. జనవరి నెలంతా ఆ జమతో హాయిగా గడిచింది. నెలాఖరున వదినగారు వచ్చారు.

ఆమె మా వారి పెద్దక్క. గుంటూరులో కంటి శుక్లం తీయించుకుని, రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు వేసే మనిషి కావాలని బాపట్ల వెళ్లకుండా మా ఇంట్లో దిగారు. ఆమెను శత్రువు అనడానికి లేదు, చిక్కంతా అక్కడే ఉంది. శత్రువులను ప్రేమించమని కొండమీది ప్రసంగంలో చెప్పిన మాట నాకు ఎన్నడూ భారమనిపించలేదు, ఎందుకంటే నాకు శత్రువులు లేరు, ఉన్నది వదినగారు. శత్రువైతే మన కుక్కరు కూతలు లెక్కపెట్టి, "ఆరు కూతలు రానిచ్చావు, పప్పు గంజి అయిపోయింది" అనడు. మన సోఫాలోనే కూర్చుని, కొడుకుతో స్పీకరు ఫోనులో, "ఏం పెట్టారంటే ఏం చెప్పను నాయనా, ఏదో పెట్టారులే" అనడు. పగవాడి తలమీద నిప్పులు కుప్పగా పోయాలంటే అతనికి అన్నం పెట్టి, దాహమిమ్మని రోమీయులకు రాసిన పత్రికలో పౌలు చెప్పాడు కదా, ఆ మాట మీద నమ్మకముంచి నేను ఆమెకు రెండోసారి కాఫీ ఇచ్చినప్పుడల్లా తలవైపు ఆశగా చూసేదాన్ని. పొగ కూడా రాలేదు.

పైగా ఆమె నాకంటే ముందే, నాలుగున్నరకు లేస్తారు. లేచి, వీధి చివరి పాల బూతుకు వినిపించేటట్టు ప్రార్థన చేస్తారు. అందులో దేశాన్నీ సంఘాన్నీ పూర్తిచేసి, "ఈ ఇంటి ఇల్లాలికి ఓపికనూ పొదుపునూ దయచేయుము తండ్రీ" అనేసరికి, డికాషను దగ్గరున్న నేను ఆమేన్ అనాలో వద్దో తెలియక నిలబడిపోతాను. వేకువనే లేచి గొప్ప శబ్దముతో స్నేహితుని దీవించేవాని దీవెన శాపముగా ఎంచబడుతుందని సామెతలు 27వ అధ్యాయంలో ఉంది. అది రాసినవారికి కూడా ఒక వదినగారు ఉండి ఉంటారని నా గట్టి నమ్మకం.

ఇక అసలు ఫిర్యాదుకు వస్తాను. ఫిబ్రవరి మొదటి వారంలో లేవీయకాండము 19వ అధ్యాయం చదివించావు, గుర్తుందా? "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్న మాట అందులో 18వ వచనం. ఆ వెంటనే 19వ వచనంలో, చేనులో రెండు రకాల విత్తనాలు కలిపి చల్లరాదనీ, రెండు రకాల నూలు కలిపి నేసిన బట్ట కట్టరాదనీ ఉంటుంది. ధర్మశాస్త్రమంతటికీ ఆధారమని యేసు చెప్పిన రెండు ఆజ్ఞలలో ఒకటైన ఆ మాటను, విత్తనాలకూ బట్టలకూ మధ్య నేను దాటిపోయిన వేగంతో తెనాలిలో ఆగని రైలు కూడా పోదు. సరిగ్గా అప్పుడే పక్క గదిలోంచి వదినగారు "అమ్మాయ్" అని పిలిచారు. "బైబిలు చదువుకుంటున్నానండీ" అన్నాను. తిరుగులేని జవాబు కదా! పొరుగువారిని ప్రేమించమనే అధ్యాయంలో తలమునకలుగా ఉన్నందువల్ల పొరుగువారు పిలిస్తే లేవలేకపోయాను. నువ్వు ఏమీ అనలేదు సరికదా, టిక్కు కోసం గడి చూపించావు.

మీ వంశంలో పెద్దలు ఇలా ఉండేవారు కారు. 1842లో స్కాట్లండులోని డండీ పట్టణంలో రాబర్ట్ మర్రే మెక్‌షేన్ అనే యువ పాస్టరు తన సంఘం కోసం రోజుకు నాలుగు అధ్యాయాల చొప్పున ఒక పట్టిక తయారుచేశాడు. ఆ మరుసటి ఏడాదే, 29 ఏళ్ల వయసులో, టైఫస్ జ్వరంతో చనిపోయాడు గానీ, ఆ పట్టికను నేటికీ వాడుతున్నారు. ఆయన దాని లాభాలు చెప్పడానికి ముందే ప్రమాదాలు చెప్పాడు: చదవడం మొక్కుబడి కావచ్చు, చదివానన్న స్వనీతి పెరగవచ్చు, మనసు పెట్టకుండా చదవవచ్చు, మోయలేని కాడి కావచ్చు. సిగరెట్టు పెట్టె మీద కూడా హెచ్చరిక ముద్రిస్తున్నారు, నీ మీద మాత్రం పావురం బొమ్మా, ఆలివు కొమ్మా వేసి సరిపెట్టారు.

ఆ తరువాత రెండో వారంలో సంఖ్యాకాండము 7వ అధ్యాయం వచ్చింది. వదినగారికి కొత్త కళ్లద్దాలు ఇంకా ఇవ్వలేదు కనుక, నల్లద్దాలు పెట్టుకుని నా ఎదురుగా కుర్చీ వేసుకుని, "ఇవాళ పైకి చదువు, నేనూ వింటాను" అన్నారు. 89 వచనాల అధ్యాయమది. పన్నెండు గోత్రాల ప్రధానులు పన్నెండు రోజుల పాటు, రోజుకొకరుగా అర్పణలు తెస్తారు. అందరూ తెచ్చింది ఒక్కటే. నూట ముప్పై తులాల వెండి గిన్నె, డెబ్బై తులాల వెండి ప్రోక్షణ పాత్ర, ధూపద్రవ్యంతో నిండిన బంగారు ధూపార్తి, కోడెలు, పొట్టేళ్లు, మేకలు. మొదటి రోజున యూదా గోత్రపు నయస్సోను తెచ్చినవి చదివి, "మిగతా పదకొండు మందీ ఇవే ఇచ్చారటండీ" అని పేజీ తిప్పబోయాను.

"చదువు. ఇచ్చినవాడి పేరు చదవకపోతే ఎట్లా?" అన్నారు.

చదివాను. పన్నెండు వెండి గిన్నెలూ, పన్నెండు ప్రోక్షణ పాత్రలూ, పన్నెండో రోజున వచ్చిన నఫ్తాలీయుల అహీర దాకా, ఒక్క పొట్టేలును కూడా వదలకుండా చదివాను. పొయ్యి మీద డికాషను చల్లారిపోయింది. అహీర పేరు వినగానే వదినగారు నల్లద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంటూ, ఎవరితోనో అన్నట్టు, "మీ పెళ్లిలో నా వెండి గ్లాసు చదవలేదు" అన్నారు.

మా పెళ్లి 2003 మే నెలలో జరిగింది. చదివింపుల సమయంలో కరెంటు పోయి మైకు ఆగిపోయిందనీ, మళ్లీ వచ్చాక పద్దు రాస్తున్న బాబాయిగారు ఎక్కడ ఆపారో మరిచిపోయి తరువాతి పేరు నుండి అందుకున్నారనీ మా ఇంట్లో నవ్వుకుంటూ చెప్పుకునే కథ ఒకటుంది. ఆ ఆగిన చోట ఎవరి పేరుందో ఇన్నేళ్లలో నేను ఎవరినీ అడగలేదు. అత్తవారి తరఫున మొట్టమొదట చదవవలసిన ఆడపడుచు పేరది.

లేచి వెళ్లి, బీరువా అడుగు అరలో పట్టుచీరల కింద నుండి ఆ పద్దు పుస్తకం తీసుకొచ్చాను. మూడో పేజీలో ఉంది. బైబిలు చదివిన గొంతుతోనే, "పెద్దాడపడుచుగారు, బాపట్ల, వెండి గ్లాసు ఒకటి" అని చదివాను.

"ఎత్తు రాయలేదా?"

"లేదండీ."

"ఎనిమిది తులాలు. రాయి."

చేతిలో నీ కోసం మూత తీసి ఉంచిన నీలం పెన్నే ఉంది, దానితోనే రాశాను. ఆ హడావుడిలో ఆనాటి గళ్లు ఖాళీగా ఉండిపోయాయి, ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి. వదినగారు మాత్రం అద్దాలు పెట్టుకుని, డికాషను రెండోసారి వేడిచేస్తే చేదెక్కుతుందనీ, ఈ సంగతి ఇన్నేళ్లలో నాకు ఎవరూ చెప్పినట్టు లేరనీ అన్నారు.