ఆ మెసేజ్ చదివేది కాకులా?

పొద్దున ఐదున్నరకి ఫ్యామిలీ గ్రూపులో మా బావ మెసేజ్. "ఏం బామ్మర్దీ, నీ కెమెరా మళ్లీ పడుకుందా? ప్రాణహిత కనబడట్లేదు." కింద నాలుగు నవ్వే బొమ్మలు. హైదరాబాద్‌లో దుప్పటి కప్పుకుని నది చూడాలి ఈయనకి! మొహం కూడా కడుక్కోకుండా బండి తీశాను. మాది మహారాష్ట్రలోని సిరోంచ. అక్కడి నుంచి కెమెరా ఉన్న మా చేను ఆరు కిలోమీటర్లు, చివరి రెండూ రేగడి బురద. మడ్‌గార్డ్‌లో ఇరుక్కున్న మట్టిని పుల్లతో గీక్కుంటూ పోయాను.

తీరా చూస్తే కెమెరా బాగుంది, సోలార్ ప్లేటు బాగుంది, బ్యాటరీ 12.3 వోల్టులు చూపిస్తోంది. సిమ్ రీఛార్జ్ అయిపోయింది. అంతే! మూడు రోజులుగా గుర్తు చేస్తూ మెసేజ్‌లు పంపారట. ఎక్కడికి? ఆ నంబర్‌కే. ఆ సిమ్ ఎక్కడుంది? మోటారు షెడ్డు మీద పైపుకి కట్టిన డబ్బాలో, రూటర్ లోపల. అక్కడ చదివేది ఎవరు, కాకులా?

పైగా నెల రీఛార్జ్ అంటారు, ఇచ్చేది 28 రోజులు. మనకి ఏడాదికి పన్నెండు నెలలు, వీళ్లకి పదమూడు. అధికమాసం మూడేళ్లకోసారి అని పంతులుగారు చెబితే విన్నాం, వీళ్లకి ఏటా వస్తుంది.

"రీస్టార్ట్ చేస్తే సరిపోదా" అనే మేధావులకి ఒక దండం. రూటర్ హ్యాంగ్ అయితే దాన్ని రీస్టార్ట్ చేయడానికి కూడా నెట్ ఉండాలి కదా స్వామీ! అందుకే రోజూ తెల్లవారుజాము మూడింటికి ఒక నిమిషం కరెంటు తీసి ఇచ్చే టైమర్ పెట్టాను. మొబైల్ సిమ్‌కి మామూలుగా సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటివాళ్లకి కనబడే నెట్ అడ్రసు, ఇవ్వరు, బయటి నుంచి మనం తలుపు కొట్టలేం. కెమెరాయే లోపలి నుంచి సర్వర్‌కి కనెక్ట్ అయ్యేలా చేయడానికి నాకు మూడు వారాలు పట్టింది. కెమెరా, రూటర్ రెండూ కలిపి 8 వాట్లే, కానీ పగలూ రాత్రీ నడిస్తే రోజుకి దాదాపు 200 వాట్ అవర్లు. 12 వోల్టుల, 40 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు పెట్టాను. సగానికి కిందికి దింపితే వాటి ఆయుష్షు తగ్గిపోతుంది, అంటే ఎండ లేకుండా రెండు రోజులు, కాస్త పైన. ముసురు పడితే వారం వదలదు మా దగ్గర.

ఇక సాలీడు. రాత్రిపూట కెమెరా చీకట్లో చూడటానికి వాడే ఐఆర్ లైట్లకి పురుగులు మూగుతాయి, పురుగుల కోసం సాలీడు సరిగ్గా లెన్స్ ముందే గూడు కడుతుంది. స్క్రీన్ అంతా తెల్లగా అయిపోతుంది. "అక్కడ మంచు బాగా పడుతోందే" అన్నాడు బావ. మే నెలలో!

ఈయనకి కావలసింది నది కాదులెండి, స్టేటస్‌లు. 2022 వానాకాలంలో నా కెమెరా క్లిప్పు ఈయన నలుగురికీ పంపితే అది తిరిగి తిరిగి ఒక ఛానల్‌లో వచ్చింది. కింద ఏం రాశారో తెలుసా? "గోదావరి ఉగ్రరూపం". అయ్యా, అది ప్రాణహిత! వార్ధా, వైన్‌గంగా కలిసి వచ్చే నీళ్లు, గోదావరిలో కలిసేది కాళేశ్వరం దగ్గర. 2022 ఏప్రిల్‌లో పుష్కరాలకి వచ్చి మూడు మునకలు వేసినప్పుడు ప్రాణహిత అని అందరికీ తెలుసు. జులైలో అదే నది మా చేల మీదికి వస్తే గోదావరి అయిపోయింది. బావకి చెబితే "ఎవరికి తెలుసులే ఇవన్నీ" అన్నాడు.

నిజమే, ఎవరికి తెలుసు మేమున్నామని! నాగ్‌పూర్ పోతే తెలుగోళ్లు, హైదరాబాద్ వస్తే మహారాష్ట్రోళ్లు. జిల్లా ఆఫీసులో ఒక కాగితం కావాలంటే గడ్చిరోలికి దాదాపు 200 కిలోమీటర్లు, ఆ రోడ్డు గురించి ఇప్పుడు మాట్లాడితే నా బీపీ పెరుగుతుంది. 2023 అక్టోబర్‌లో మాకు దిగువన గోదావరి మీదున్న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగినప్పుడు మాత్రం అందరికీ నేను గుర్తొచ్చాను. "నీ కెమెరాలో కనబడుతుందా?" అని పదకొండు ఫోన్లు. అది కెమెరా, దుర్భిణి కాదు. మా చేనులో నీళ్లు నిలబడితే ఒక్కరు ఫోన్ చేశారా?

షెడ్డు దగ్గరే నిలబడి నా ఫోన్ నుంచి రీఛార్జ్ చేశాను. ఆ ఫోన్ కూడా అవతలి ఒడ్డు టవరే పట్టుకుంటుంది. రెండు నిమిషాలకి బావ మెసేజ్. "వచ్చింది. కొంచెం ఎడమకి తిప్పవా?"

ఎడమ వైపు కాళేశ్వరం.

తిప్పను. మొహం కడుక్కోవాలి.