కచేరీలో నిద్ర మా జన్మహక్కు

పాశ్చాత్య శాస్త్రీయ సంగీత కచేరీకి మనిషి ఎందుకు వెళ్తాడో పెద్దలెవరూ నోరు విప్పి చెప్పరు కనక నేనే చెప్తాను. నిద్రపోవడానికి. మెత్తటి కుర్చీ, మసక వెలుతురు, పక్కవాడు గుసగుసలాడితే చుట్టూ వున్నవాళ్ళు కళ్ళెర్రజేసే క్రమశిక్షణ. ఇన్ని సదుపాయాలు పడగ్గదిలో కూడా వుండవు. పైగా కళ్ళు మూసుకున్నవాణ్ణి చూసి 'ఎంత లీనమైపోయాడో' అనుకునే చోటు భూమ్మీద ఇదొక్కటే.

ఈ ఏర్పాటు చాలాకాలం బాగానే నడిచింది. పద్దెనిమిదో శతాబ్దపు ఆస్ట్రియా స్వరకర్త హైడెన్ రాసిన క్వార్టెట్ (నలుగురు తీగవాద్యాల మీద వాయించే రచన; ఆ నలుగురి బృందానికీ అదే పేరు) అయితే ఎక్కడ పడుకోవాలో, ఎక్కడ లేవాలో అనుభవమున్న శ్రోతకి ముందే తెలుసు. సాధారణంగా నాలుగు భాగాలు. మధ్యలో ఒకటి నెమ్మదిగా సాగుతుంది, అది మనది. చివరి భాగం పరుగులు తీసి గట్టిగా ముగుస్తుంది, అది అలారం. ఆయనే 1792లో లండన్‌లో వినిపించిన ఒక సింఫనీలో, నెమ్మదైన భాగం మొదట్లోనే ఉన్నట్టుండి ఢామ్మనిపించాడు. కునికేవాళ్ళని లేపడానికేనని ఒక కథ. అయినా ఫర్వాలేదు. ఆ దెబ్బ ఎక్కడ పడుతుందో ఇప్పుడు అందరికీ తెలుసు. కాస్త ముందు ఒక కన్ను తెరిచి, అది అయిపోగానే మూసుకుంటే సరి.

ఈ సుఖానికి గండికొట్టింది నలుగురు పిల్లలు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. నలుగురి వయసూ కలిపినా నూట పది దాటదు. బతికున్నవాళ్ళు రాసినదో, పోయి ఎంతోకాలం కానివాళ్ళు రాసినదో తప్ప వాయించరట. ఇది అంటువ్యాధి. 1973లో డేవిడ్ హారింగ్టన్ అనే వయొలినిస్టు, జార్జ్ క్రమ్ రాసిన 'బ్లాక్ ఏంజెల్స్' అనే క్వార్టెట్ రేడియోలో విని తట్టుకోలేక క్రోనోస్ క్వార్టెట్ పెట్టాడు. మరుసటి ఏడాది లండన్‌లో అర్విన్ ఆర్డిట్టి తన పేరుతో ఇంకొకటి. అప్పట్నించీ ఆగలేదు.

మొదటి రచన మొదలవగానే నేను అలవాటు ప్రకారం ఒరిగాను. వాళ్ళు కమాను తిరగేసి, దాని కర్రతో తీగల్ని కొట్టడం మొదలెట్టారు. (మంచి కమాను దెబ్బతింటుందని, చాలామంది ఈ పనికి వేరే చవక కమాను వెంట తెచ్చుకుంటారు. అంటే ముందుగా ఆలోచించి చేసిన నేరం.) తర్వాత తీగని పైకి లాగి, అది కింది చెక్కకి ఠప్పున తగిలేలా వదిలారు. బార్టోక్ 1928లోనే తన నాలుగో క్వార్టెట్‌లో చూపించిన దారి ఇది. కునుకు మీద కొరడా దెబ్బ పడితే ఎలా వుంటుందో అలా వుంది.

రెండోది ఇంకా దారుణం, ఎందుకంటే దాదాపు వినిపించదు. జర్మన్ స్వరకర్త హెల్ముట్ లాఖెన్‌మన్ బాట. స్వరం కన్నా రాపిడి ముఖ్యం. తీగల చివర్లు బిగించే చెక్క మీద కూడా కమాను లాగుతారు. ఎవరో ఊపిరి తీసినంత శబ్దం వస్తుంది. హాలంతా ఆ ఊపిరి కోసం చెవులు రిక్కించింది. సరిగ్గా అప్పుడే నా గొంతులోంచి చిన్న గురక రానే వచ్చింది. పక్కాయన స్టేజీ వైపు చూసి మెచ్చుకోలుగా తలూపాడు.

పోనీ చీకట్లో పడుకుందామంటే ఆ దారీ మూసేశారు. గేయోర్గ్ ఫ్రీడ్రిష్ హాస్ 2001లో రాసిన మూడో క్వార్టెట్‌ని కటిక చీకట్లో వాయించాలి. వాయించేవాళ్ళు హాలు నాలుగు మూలలా కూర్చుంటారు, కాగితం కనపడదు కనక అంతా కంఠస్థం. ఒక మూల నుంచి ఒకరు స్వరంతో పిలుస్తారు, ఇంకో మూల నుంచి బదులొస్తుంది. వెనకనుంచి ఎవరో పిలుస్తుంటే నిద్రపట్టే మనిషెవరు? మోర్టన్ ఫెల్డ్‌మన్ రెండో క్వార్టెట్ ఆపకుండా ఆరు గంటలు, అదీ చాలావరకు మెల్లగా అని విని, రికార్డింగ్ పెట్టుకుని పడుకున్నాను. ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ వస్తూ ఎక్కడో పిసరంత మారుతుంది. మారిందా, నాకే అలా అనిపించిందా అని తేల్చుకునేలోపు తెల్లారింది.

ఇక బతికున్నవాళ్ళ రచనతో అసలు ప్రమాదం, వాళ్ళు బతికుండటమే. హైడెన్ వచ్చి మూడో వరుసలో కూర్చుని నేను కునకడం చూడడు. ఆ రోజు చివరి రచన రాసినావిడ కూర్చుంది. రచన చివర నలుగురూ కమాన్లు గాల్లో ఎత్తి బొమ్మల్లా ఆగిపోయారు. అయిందా? ఇదీ అందులో భాగమా? చప్పట్లు కొడితే పరువు పోతుందేమో, కొట్టకపోయినా పోతుందేమో. రెండొందల మందిమి టెన్షన్‌తో బిగుసుకుపోయాం. చివరికి మూడో వరుసలో ఆవిడ ఊపిరి వదిలింది. దాన్ని బట్టి కొట్టాం.

బయటికొచ్చాక చెల్లో అమ్మాయిని అడిగాను, "ఇది మళ్ళీ ఎప్పుడు వాయిస్తారమ్మా?" అని.

"ఏమోనండీ," అంది, పెట్టె భుజానికెత్తుకుంటూ. "మూడు నెలలు సాధన చేశాం ఈ పద్దెనిమిది నిమిషాలకి. ప్రపంచంలో మొట్టమొదటి ప్రదర్శన అంటే ఎవరో ఒకరు డబ్బులిస్తారు. రెండోదానికి ఎవరూ ఇవ్వరు."

పీడ విరగడైందనుకుని ఇంటికెళ్ళాను. పడుకుంటే ఆ చెక్క మీది ఊపిరి చెవిలోనే వుంది. గాల్లో ఆగిన కమాన్లు దిగవు. ఇంట్లో నిద్ర కూడా పోయింది. ఈ నష్టాన్నీ ఫిర్యాదులో చేర్చవలసిందిగా మనవి.

మా డిమాండు ఒక్కటే: ఆ ముక్కని మళ్ళీ వాయించాలి. రెండోసారి, మూడోసారి, ఓ పదిసార్లు. అప్పటికి ఎక్కడ పడుకోవాలో, ఎక్కడ లేవాలో మాకూ తెలుస్తుంది. హైడెన్‌కైనా మేం మొదటిసారే నిద్రపోలేదు. ఖర్చు సంగతంటారా, ముందే డబ్బు కట్టడానికి నేను సిద్ధం. ఒక టికెట్‌కి.