బోయర్ యుద్ధాన్ని ఫిరంగులు గెలిపించలేదు

వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో తెగ తిరుగుతున్న పోస్టు ఒకటుంది. దక్షిణాఫ్రికాలో 1899 నుంచి 1902 దాకా జరిగిన బోయర్ యుద్ధంలో ఒక పక్క రైఫిళ్ళు తప్ప ఇంకేమీ లేని బోయర్లు, అంటే అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతి రైతులట, ఇంకో పక్క ప్రపంచంలోకెల్లా మేటి ఫిరంగులున్న బ్రిటిష్ సైన్యమట; కొలెన్సో అనే ఊరి దగ్గర ఆ బ్రిటిష్ గన్నర్లు భయపడి గన్లు వదిలేసి పారిపోయారట, అయినా చివరికి ఫిరంగుల జోరుతోనే తెల్లదొరలు గెలిచారట. (బోయర్లు కూడా తెల్లవాళ్ళేనని, ఆ నేల అసలు ఇద్దరిదీ కాదని పోస్టు రాసినాయనకు గుర్తున్నట్టు లేదు, అది వేరే కథ.) ఉన్నవి నాలుగు మాటలు, అందులో మూడు శుద్ధ తప్పు, నాలుగోదానికి కాస్తంత నిజం అంటుకుని ఉంది.

ముందు రైఫిళ్ళ సంగతి. 1895 చివర్లో జేమ్సన్ అనే బ్రిటిష్ ఆయన బోయర్ల రాజ్యమైన ట్రాన్స్‌వాల్ మీదికి దండెత్తి దెబ్బ తిన్నాక, బోయర్ ప్రభుత్వం బంగారు గనుల డబ్బుతో ఆయుధాలు కొనడం మొదలుపెట్టింది. ఫ్రాన్స్‌లోని క్రూసో కంపెనీ నుంచి 155 మిల్లీమీటర్ల పెద్ద ఫిరంగులు నాలుగు తెప్పించారు, ఒక్కో గుండు 94 పౌండ్లు. బ్రిటిష్ సిపాయిలు 'లాంగ్ టామ్' అని పేరు పెట్టుకుంది వీటికే. ఇవి కాక 75 మిల్లీమీటర్ల క్రూసో, క్రుప్ గన్లు, 37 మిల్లీమీటర్ల చిన్న గుండ్లను టపటపా కురిపించే పాంపాంలు కూడా ఉన్నాయి. వాటిని కాల్చింది యూనిఫారం వేసుకుని జీతం తీసుకునే గన్నర్లు, పొలం నుంచి నేరుగా వచ్చినవాళ్ళు కాదు. తమాషా ఏమిటంటే ఆ పాంపాం ఇంగ్లండ్‌లో తయారైన సరుకే. బ్రిటిష్ సైన్యం మొదట అక్కర్లేదంది, బోయర్ల చేతిలో దాని దెబ్బ తిన్నాక తనూ తెప్పించుకుంది.

లాంగ్ టామ్ దెబ్బ ఎలా ఉండేదో తెలియాలంటే బోయర్ల ముట్టడిలో చిక్కుకున్న లేడీస్మిత్ అనే బ్రిటిష్ ఊరిని చూడాలి. అక్కడ ప్రభుసింగ్ అనే భారతీయ కూలీకి ఒక పని అప్పగించారు. ఎదురుగా ఉన్న ఉంబుల్వానా కొండ మీద ఫిరంగి పేలి మెరుపు కనబడగానే గంట మోగించాలి, గుండు వచ్చి పడేలోగా ఊళ్ళోవాళ్ళు ఎక్కడికక్కడ దాక్కోవాలి. గుండ్లు పడుతున్నా ఆయన తన చోటు వదల్లేదని గాంధీ రాశారు. గాంధీ నడిపిన అంబులెన్స్ దళంలో సుమారు 1,100 మంది భారతీయులు ఉండేవారు, ఎక్కువమంది దక్షిణాఫ్రికాలోని బ్రిటిష్ వలస నాటాల్‌లో పనిచేసే కూలీలే. మద్రాసు రేవులో ఓడెక్కి నాటాల్ చెరకు తోటలకు వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. రైతుల దగ్గర రైఫిళ్ళే ఉంటే ఆ గంట ఎందుకు మోగినట్టు?

ఇక 'మేటి ఫిరంగులు'. బ్రిటిష్ ఫీల్డ్ బ్యాటరీల, అంటే యుద్ధభూమిలో తిరిగే ఫిరంగి దళాల చేతిలో ఉన్నది 15 పౌండర్ అనే గన్. చెడ్డ గన్ అనను, కానీ అప్పటికే పాతబడింది. ఫ్రాన్స్ 1897లోనే వెనక్కి తన్నే జోరును తనలోనే మింగేసే 75 మిల్లీమీటర్ల గన్ తయారు చేసుకుంది. 15 పౌండర్ పేల్చిన ప్రతిసారీ వెనక్కి తన్నేది, మళ్ళీ గురి సరిచూసుకోవాలి, గన్నర్లకు అడ్డుగా ముందు ఇనుప రేకు కూడా లేదు. దాని ప్రధాన గుండు ష్రాప్‌నెల్, అంటే గాల్లో పేలి సీసపు గుళ్ళు కురిపించేది. బయట నిలబడ్డవాళ్ళకు అది యముడే, కందకంలో కూర్చున్నవాడికి మాత్రం పెద్దగా ఏమీ కాదు. బోయర్లు కందకాల్లోనే కూర్చున్నారు! అంత మేటివే అయితే యుద్ధం మధ్యలో బ్రిటన్ జర్మనీ నుంచి గుట్టుగా 108 ఎర్‌హార్ట్ గన్లు ఎందుకు కొన్నట్టు?

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది కొలెన్సో గురించి రాసిన ముక్క. 1899 డిసెంబరు 15న జనరల్ బుల్లర్ టుగేలా నది దాటి లేడీస్మిత్‌ను విడిపించాలనుకున్నాడు. ఆయన ఫిరంగులకు పెద్ద కల్నల్ లాంగ్. అంతకు ముందు ఏడాదే సూడాన్‌లో ఒండుర్మాన్ దగ్గర ఫిరంగులు నడిపిన మనిషి, అక్కడ ఎదుటివాళ్ళు బయలు మీద బారులు తీరి నడిచొచ్చారు. గన్‌ని శత్రువుకు ఎంత దగ్గరగా పెడితే అంత మంచిదని ఆయన నమ్మకం. కాపుగా రావాల్సిన కాల్బలాన్ని వెనక వదిలేసి, 14, 66 నంబరు బ్యాటరీల 12 గన్లనూ నదికి ఇంచుమించు వెయ్యి గజాల దూరంలో, చెట్టూ పుట్టా లేని చోట వరసగా నిలబెట్టాడు. నది అవతల బోయర్ జనరల్ లూయీ బోథా మనుషులు కందకాల్లో ఉన్నారు, చేతిలో పొగ రాని తూటాల మౌజర్ రైఫిళ్ళు, ఎక్కణ్ణుంచి కాలుస్తున్నారో కనబడదు. వెంట వచ్చిన నేవీ గన్లను ఎద్దులు లాగుతుండటంతో అవి వెనకబడ్డాయి, ఆ ఆలస్యమే వాటిని కాపాడింది.

అలాంటి చోట ఆ గన్నర్లు పక్కవాడు కూలుతున్నా దాదాపు గంటసేపు గన్లు పేలుస్తూనే ఉన్నారు. లాంగ్ కూడా తీవ్రంగా గాయపడ్డాడు. గుండ్లు అడుగంటాక, మిగిలినవాళ్ళు గాయపడ్డవాళ్ళను వెనకున్న వాగు గండిలోకి చేర్చి, కొత్త గుండ్లు వస్తే మళ్ళీ గన్ల దగ్గరికి పోదామని కాచుకున్నారు. దీన్ని పారిపోవడం అంటారా? తర్వాత గుర్రాలతో గన్లు లాక్కొద్దామని వెళ్ళినవాళ్ళలో పేరున్న బ్రిటిష్ సేనాని లార్డ్ రాబర్ట్స్ కొడుకు ఫ్రెడ్డీ ఉన్నాడు, ఆ గాయాలతోనే చనిపోయాడు. రెండు గన్లే వెనక్కి వచ్చాయి, పది బోయర్లకు దక్కాయి. తప్పు గన్‌ది కాదు, గన్నర్‌ది అసలే కాదు, దాన్ని అక్కడ నిలబెట్టినవాడిది.

చివరి మాటలో మాత్రం కొంత నిజముంది. 1900 ఫిబ్రవరిలో పార్డెబర్గ్ దగ్గర బోయర్ జనరల్ క్రోన్యే సుమారు 4,000 మందితో లొంగిపోవడంలో ఫిరంగుల పాత్ర ఉంది. అదే నెల టుగేలా కొండల మీద, ముందుకు పోతున్న తమ కాల్బలం తలల మీదుగా గుండ్లు వేయడం బుల్లర్ గన్నర్లు నేర్చుకున్నారు, లేడీస్మిత్ విడుదలైంది. కానీ యుద్ధం అక్కడితో ఆగలేదే! గుర్రాల మీద వచ్చి కొట్టి మాయమయ్యే దళాల మీద ఫిరంగి ఏం చేస్తుంది? బ్రిటిష్‌వాళ్ళు కట్టిన సుమారు 8,000 బ్లాక్‌హౌస్‌లు (చిన్న కాపలా కోటలు), వాటి మధ్య ముళ్ళ కంచెలు, తగలబెట్టిన వేలాది పొలాల ఇళ్ళు, బ్రిటిష్‌వాళ్ళు నిర్బంధించిన క్యాంపుల్లో జబ్బులతో చచ్చిపోయిన ఇరవై వేలకు పైగా బోయర్ ఆడవాళ్ళు, పిల్లలు, వేరే క్యాంపుల్లో వేల సంఖ్యలో నల్లజాతివాళ్ళు. బోయర్లను లొంగదీసింది ఇది. ఆఖరికి కొందరు బ్రిటిష్ గన్నర్లకు గన్లు తీసేసి, రైఫిలిచ్చి గుర్రమెక్కించారు. బోయర్లయితే మిగిలిన చివరి లాంగ్ టామ్‌ను 1901 ఏప్రిల్‌లో హేనర్ట్స్‌బర్గ్ దగ్గర తామే పేల్చేశారు, ఆ తర్వాత కూడా యుద్ధం ఇంకో ఏడాదికి పైగా నడిచింది.